తెరచాప ఎత్తి నైలు ఎగువకు

ఇస్నా నుంచి అస్వాన్ దాకా ఇంజిను లేని పడవలో ప్రయాణం. దారి పొడవునా రెండు వేల ఏళ్ల నాటి గుడులు, వాటికి రాయినిచ్చిన కొండ, చివర ఆ నదిని ఆపిన ఆనకట్ట.

నైలు దక్షిణాన పుట్టి ఉత్తరానికి పారుతుంది. ఈజిప్టులో గాలి ఏడాదిలో చాలా భాగం ఉత్తరం నుంచి దక్షిణానికి వీస్తుంది. నీళ్లు ఒక దిక్కు, గాలి సరిగ్గా దానికి ఎదురు దిక్కు. దిగువకు పోవాలంటే తెరచాప చుట్టేసి పడవను ప్రవాహానికి వదిలేస్తే సరి. ఎగువకు పోవాలంటే తెరచాప విప్పితే సరి. పురాతన ఈజిప్షియన్లకు ఇది ఎంత సహజమైపోయిందంటే, వాళ్ల బొమ్మల లిపిలో దక్షిణ ప్రయాణానికి గుర్తు తెరచాప ఎత్తిన పడవ, ఉత్తర ప్రయాణానికి గుర్తు తెరచాప లేని పడవ. అన్ని నదులూ ఉత్తరానికే పారతాయని వాళ్ల నమ్మకం. క్రీస్తుపూర్వం పదిహేనో శతాబ్దం తొలినాళ్లలో మొదటి థుట్మోస్ సేనలు యూఫ్రటీస్ దాకా వెళ్లి, అది దక్షిణానికి పారుతుంటే చూసి నివ్వెరపోయాయి. ఆ రాజు శాసనంలో దాన్ని తలకిందులుగా పారే నీళ్లని రాయించుకున్నాడు.

ఆ గాలినే నమ్ముకుని ఇప్పటికీ నడిచే పడవలు కొన్ని ఉన్నాయి. దహబియాలంటారు. నలభై యాభై మీటర్ల పొడవు, బల్లపరుపు అడుగు, రెండు తెరకొయ్యలు, కింద ఆరు నుంచి పన్నెండు దాకా గదులు, పైన తివాచీలూ దిండ్లూ పరిచిన డెక్కు. ఇంజిను ఉండదు. లగ్జర్‌కీ అస్వాన్‌కీ మధ్య తిరిగే పెద్ద క్రూయిజ్ నౌకల్లో ఒక్కోదానిలో వంద మందికి పైగా పడతారు. దహబియాలో ఇరవై మంది ఎక్కితే నిండినట్టే. వంటవాళ్లు, సరంగు, తెరచాప మనుషులు అంతా కలిపి సిబ్బంది దాదాపు అతిథులంత మంది ఉంటారు. టికెట్టు ధర కూడా అందుకు తగ్గట్టే బాగా ఎక్కువ.

అంత ఖర్చు దేనికి? మెత్తటి పరుపులకూ, గదికి ఆనుకుని ఉన్న బాల్కనీకీ అయితే ఐదు నక్షత్రాల హోటలు చాలు. నా లెక్కలో కారణం వేరు. ఎగువ ఈజిప్టు గుడుల్ని రోడ్డు మీద నుంచి వచ్చి చూస్తే సగమే అర్థమవుతాయి. ఆ గోడల రాయి పడవల మీద వచ్చింది. ఆ దేవుళ్లు పడవల్లో ఊరేగారు. గుడి గాదెల్లోకి ధాన్యం పడవల్లో చేరింది. వరద ఎంత ఎత్తు వచ్చిందో గుడి ఆవరణలోనే కొలిచారు, పన్ను లెక్కకు అదే ఆధారం. కట్టినవాళ్లు ఏ వైపు నుంచి, ఎంత నెమ్మదిగా వచ్చి చూశారో మనమూ అలా వచ్చి చూస్తే, ఇవి విడివిడి కట్టడాలు కావనీ ఒకే నది చేసిన పని అనీ తెలుస్తుంది.

ఎమీలియా ఎడ్వర్డ్స్ దారి

పంతొమ్మిదో శతాబ్దంలో నైలు చూడటమంటే దహబియా అద్దెకు తీసుకోవడమే. నెలల తరబడి ప్రయాణం. ఫ్లారెన్స్ నైటింగేల్ నర్సుగా పేరు తెచ్చుకోకముందు, 1849–50 చలికాలంలో ఇలాగే వచ్చింది. పడవ మాట్లాడుకున్నాక ముందు దాన్ని కాసేపు నీళ్లలో ముంచి తేల్చాలని ఆనాటి గైడు పుస్తకాలు సలహా ఇచ్చేవి. ఎలుకలూ నల్లులూ పోవడానికి అదొక్కటే మార్గం.

ఈ ప్రయాణాన్ని చరిత్రలో నిలబెట్టింది మాత్రం ఎమీలియా ఎడ్వర్డ్స్. ఇంగ్లండు నవలా రచయిత్రి. 1873లో ఫ్రాన్సులో ఎడతెరిపి లేని వానలకు విసిగి, ఎండ కోసం కైరో వచ్చింది. 'ఫిలే' అనే దహబియాలో అబూ సింబెల్ దాటి రెండో జలపాతం దాకా వెళ్లింది. అబూ సింబెల్‌లో రామ్సెస్ రాజు విగ్రహం ముఖానికి అంతకుముందు ఎవరో అచ్చు తీసినప్పటి సున్నపు మరకలు అంటుకుని ఉంటే, పడవ మనుషుల్ని ఎక్కించి గీకించింది. తెల్లగా మిగిలిన చోట్ల కాఫీ డికాషన్ పూయించి రాయి రంగులో కలిపించింది. 1877లో ఆమె రాసిన యాత్రా గ్రంథం వచ్చింది. అక్కడితో ఆగలేదు. కళ్లముందే శిథిలాలు దోపిడీ అవుతుంటే చూసి తట్టుకోలేక, 1882లో ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ స్థాపనకు మూలమైంది. శాస్త్రీయంగా తవ్వకాలు చేయించడానికి పుట్టిన ఆ సంస్థ పేరు కొద్దిగా మారి ఇప్పటికీ పనిచేస్తోంది. ఒక పడవ ప్రయాణం నుంచి ఇంత ఫలితం రావడం చాలా అరుదు.

అప్పట్లో పద్ధతి ఏమిటంటే, గాలి ఉన్నంతసేపూ ఎక్కడా ఆగకుండా ఎగువకు పరుగు. గుడులు చూడటమంతా తిరుగు ప్రయాణంలో, ప్రవాహంతో దిగుతూ. గాలి దొరికినప్పుడు వదులుకుంటే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కదా. థామస్ కుక్ కంపెనీ ఆవిరి పడవలు వచ్చి నెలల ప్రయాణాన్ని మూడు వారాలకు కుదించాక దహబియాల రోజులు అయిపోయాయి. గత రెండు మూడు దశాబ్దాల్లోనే వాటిని మళ్లీ కట్టడం మొదలైంది. ఇప్పుడు దారి తిరగబడింది. ఎగువకు పోతూనే గుడులు చూపిస్తారు, అస్వాన్‌లో దించేస్తారు. ఎక్కువ పడవలు లగ్జర్‌కు దక్షిణాన యాభై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇస్నాలో బయల్దేరతాయి. అక్కడి బరాజు లాకుల దగ్గర పెద్ద నౌకల వెనక కాచుకునే బెడద తప్పుతుంది. అక్కణ్నుంచి అస్వాన్‌కు నది మీద సుమారు నూట అరవై కిలోమీటర్లు.

గాలి పట్టినప్పుడు

ముందు తెరకొయ్యకు ఏటవాలుగా ఒక పొడవాటి దూలం కట్టి ఉంటుంది. తెరచాప దానికి చుట్టి ఉంటుంది. సరంగును అక్కడ రైస్ అంటారు. ఆయన కేక వేయగానే ఇద్దరు ముగ్గురు, ఒట్టి కాళ్లతో, గలబియా అనే పొడవాటి అంగీ అంచులు పళ్లతో కరిచి పట్టుకుని ఆ దూలం మీదికి పాకుతారు. ముళ్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ చివరిదాకా వెళ్తారు. కింద మిగతావాళ్లు తాడు లాగుతారు. గుడ్డ ఒక్కసారిగా విచ్చుకుని టపటపా కొట్టుకుంటుంది, తర్వాత గాలి నిండి బిగుసుకుంటుంది. పడవ కొద్దిగా ఒక పక్కకు ఒరిగి కదులుతుంది. ఆ కదలిక ఎంత మెల్లగా ఉంటుందంటే, గట్టు మీది ఖర్జూరపు చెట్లు వెనక్కి జరగడం చూస్తే గానీ బయల్దేరామని తెలియదు.

ఇంజిను లేకపోవడంలోని గొప్పతనం చెవులకు ముందు తెలుస్తుంది. ఒడ్డున గాడిద ఓండ్ర పెడితే వినిపిస్తుంది. పొలంలో ఆయిల్ ఇంజిను డుబడుబలు, అవతలి ఊళ్లో మసీదు పిలుపు, నీళ్లలో గేదెల్ని తోముతున్న పిల్లల అరుపులు అన్నీ వినిపిస్తాయి. చెరకు తోటలు, అరటి తోటలు, పశువుల కోసం వేసిన పచ్చగడ్డి మళ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ పచ్చదనం వెడల్పు కొన్నిచోట్ల రెండు మూడు వందల మీటర్లే. దాని వెనకే ఇసుక కొండలు. నీళ్ల మీద గుర్రపుడెక్క తేలుతుంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన కాలువల్ని పట్టుకున్న పీడే అక్కడా పట్టుకుంది. నలుపు తెలుపు లకుముకి పిట్ట నీటి పైన ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, బాణంలా కిందికి పడుతుంది.

ప్రచారపు బొమ్మల్లో కనిపించని సంగతి ఒకటి చెప్పాలి. గాలి ఆగిపోయిన రోజు ఒక చిన్న టగ్గు లాంచీ వచ్చి తాడు కట్టి దహబియాను లాక్కుపోతుంది. దాదాపు అన్ని కంపెనీలూ చేసే పనే ఇది. కొన్ని పడవలు గాలి ఉన్నా లేకున్నా సమయం కోసం లాగిస్తాయి. అలాంటి పడవ ఎక్కితే డబ్బు పెట్టి కొన్న నిశ్శబ్దం పోయినట్టే. మాట్లాడుకునేటప్పుడే ఈ విషయం నిలదీసి అడగాలి.

భోజనం గురించి తెలుగువాళ్లు బెంగపడక్కర్లేదు. ఎగువ ఈజిప్టు ప్రత్యేకత ఎండలో పొంగించిన రొట్టె, ఐష్ షమ్సీ. పిండిని మట్టి పళ్లేల మీద ఎండలో పెట్టి పులియనిచ్చి పొయ్యిలో కాలుస్తారు. దానితో ఉడికించిన ఫావా గింజల పప్పు, నువ్వుల ముద్ద, టమాటాలో వండిన బెండకాయ. సాయంత్రం చల్లటి ఎర్రటి కర్కదే ఇస్తారు. అస్వాన్ కర్కదేకు దేశమంతా పేరు. అది మన ఎర్ర గోంగూర మొక్కే. మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉండే ఎర్రటి పుల్లని రేకలు ఎండబెట్టి కాచుకుంటారు.

మసి కింద రంగులు

ఇస్నాలో ఖ్నూమ్ దేవుడి గుడి బజారు మధ్యలో, వీధి మట్టానికి తొమ్మిది మీటర్ల లోతున ఉంటుంది. వరద ఒండ్రు మీద ఊరు, ఆ ఊరి మీద ఇంకో ఊరు పేరుకుంటూ పోతే గుడి గోతిలో మిగిలింది. పొట్టేలు తల ఉన్న ఈ దేవుడు కుమ్మరి సారె మీద మనుషుల్ని చేస్తాడని నమ్మకం. ఇరవై నాలుగు స్తంభాల మండపం ఒక్కటే మిగిలింది. శతాబ్దాల పాటు అందులో జనం పొయ్యిలు పెట్టుకున్నారు, పావురాలూ గబ్బిలాలూ కాపురం చేశాయి. కప్పంతా నల్లటి మసి. 2018లో ఈజిప్టు పురావస్తు శాఖ, జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం కలిసి ఆ మసిని అంగుళం అంగుళం చొప్పున తుడవడం మొదలుపెట్టాయి. కింద ఎరుపు, నీలం, పసుపు రంగులు నిన్న వేసినంత తాజాగా బయటపడ్డాయి. కప్పు మీద రాశిచక్రం, నక్షత్ర దేవతలు, రెక్కలు చాచిన రాబందుల వరుస. చెక్కకుండా సిరాతో మాత్రమే రాసిన అక్షరాలు కూడా దొరికాయి. మసి ఉన్నంతకాలం అవి ఉన్నాయని కూడా ఎవరికీ తెలియదు. ఈజిప్టు గుడులంటే గోధుమరంగు రాళ్లనుకునేవాళ్లు ముందు ఇక్కడికి రావాలి.

ఇస్నా దాటాక తూర్పు గట్టున ఎల్ కాబ్. పెద్ద నౌకలు ఇక్కడ ఆగవు. పచ్చి ఇటుకల కోటగోడ పదకొండు పన్నెండు మీటర్ల మందాన ఇప్పటికీ నిలబడి ఉంది. వెనక కొండలో తొలిచిన సమాధులు. అందులో ఒకటి ఎబానా కొడుకు అహ్మోస్‌ది. తండ్రి చేసిన ఓడ ఉద్యోగంలోనే చేరి, పరాయి పాలకులైన హిక్సోస్‌ల రాజధాని అవారిస్ ముట్టడిలో పోరాడి, ముగ్గురు రాజుల కింద పనిచేసి, ఏడుసార్లు బంగారు పతకం పొందానని గోడ మీద తన జీవితకథ రాయించుకున్నాడు. హిక్సోస్‌లను తరిమిన యుద్ధం గురించి చరిత్రకారులకు దొరికిన ముఖ్యమైన ఆధారాల్లో ఇదొకటి. ఒక రాజు కాదు, ఒక నావికుడు చెప్పిన చరిత్ర.

పక్కనే అతని మనవడు పహేరి సమాధి. మనిషి నిలబడితే కళ్లెదురుగా వచ్చే ఎత్తులో, జానెడు జానెడు బొమ్మల్లో ఆ ఊరి ఏడాది పొడవునా జరిగే పని చెక్కి ఉంది. నాగలి దున్నడం, విత్తనం చల్లడం, కోత, ఎద్దులతో నూర్పిడి, ద్రాక్ష తొక్కడం, బంగారం తూయడం. ధాన్యం మూటలు పడవకెక్కిస్తున్న కూలీల తలల పైన వాళ్ల మాటలు కూడా రాసి ఉన్నాయి. గాదెలు నిండిపోయాయి, పడవ మునిగేటట్టుంది, ఇంకా మోయమంటారేమిటని వాళ్ల సణుగుడు. విందు వరుసలో ఒకామె గొంతు ఎండిపోతోందంటూ పద్దెనిమిది గిన్నెల ద్రాక్షసారా తెమ్మంటోంది. మూడున్నర వేల ఏళ్ల కిందటి మనుషులు ఇంత దగ్గరగా మాట్లాడే చోటు ఈ దారిలో మరొకటి లేదు.

ఎర్రగుడి రాయి, ఎడ్ఫూ గుడి

ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లు గుర్తొస్తాయి, లేదా చిన్నప్పుడు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చూసిన మమ్మీ. కానీ ఈ దారిలోని పెద్ద గుడులు పిరమిడ్ల కన్నా రెండు వేల ఏళ్లకు పైగా చిన్నవి. అలెగ్జాండర్ తర్వాత వచ్చిన గ్రీకు టాలమీలు, వాళ్ల తర్వాత రోమన్లు కట్టించినవి. అంటే మన అశోకుడి కాలం, ఆ తర్వాతి కాలం. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి పద్నాలుగు శిలాశాసనాల వరుస ఉంది కదా, ఆ వరుసలో కళింగ యుద్ధం గురించి చెప్పే పదమూడో శాసనం తురమాయ అనే యవన రాజును పేర్కొంటుంది. ఆయన రెండో టాలమీ. ఎడ్ఫూలో డేగ తల దేవుడు హోరస్ గుడికి పునాది వేయించినది ఆయన కొడుకు మూడో టాలమీ. క్రీస్తుపూర్వం 237లో మొదలైన పని 57లో గానీ పూర్తి కాలేదు. నూట ఎనభై ఏళ్లు. పాటలీపుత్రంలో మౌర్యులు పోయి శుంగులు వచ్చి, వాళ్లూ పోయేదాకా ఇక్కడ ఉలి ఆగలేదు.

ముఖద్వారం ఎత్తు ముప్పై ఆరు మీటర్లు. ఈజిప్టులో ఇంత చెక్కు చెదరని పెద్ద గుడి ఇంకొకటి లేదు. కారణం ఇసుక. స్తంభాల పై అంచుల దాకా పూడిపోయి, కప్పు మీద జనం ఇళ్లు కట్టుకుని ఉండగా 1860లో ఫ్రెంచి పురావస్తువేత్త ఆగస్ట్ మారియెట్ తవ్వడం మొదలుపెట్టాడు. లోపల ఒక చిన్న చీకటి గది ఉంది. దాని గోడల నిండా సుగంధ తైలాలు, ధూపాలు తయారుచేసే విధానాలు కొలతలతో సహా చెక్కారు. రేవు నుంచి గుడికి గుర్రపు బళ్లు తోలుతారు. డొక్కలు లోపలికి పోయిన ఆ గుర్రాల్ని చూస్తే ఎక్కబుద్ధి కాదు, నడిచి వెళ్లవచ్చు.

ఆ రోజుల్లో ఈ గుడిలో ఏటా జరిగే పెద్ద పండుగ పెళ్లిపండుగ లాంటిది. ఎండాకాలం మూడో నెల అమావాస్యకు, దిగువన నూట ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న దెందెరా నుంచి హాతోర్ దేవత విగ్రహం పడవల బారులతో హోరస్‌ను కలవడానికి వచ్చేది. పౌర్ణమి దాకా ఇక్కడే ఉండి వెళ్లిపోయేది. దారి పొడవునా ఊరూరా జనం గట్ల మీద చేరేవారు. ముక్కోటి ముందురోజు భద్రాచలంలో హంసవాహనం మీద స్వామి గోదావరిలో తిరుగుతుంటే మెట్ల నిండా నిలబడే జనాన్ని చూసినవాళ్లకు ఎడ్ఫూ గోడల మీది ఆ పడవల వరుస వెంటనే అర్థమవుతుంది. ఆ దేవత కూడా ఉత్తరపు గాలి మీదనే ఎగువకు వచ్చింది.

రాయి పుట్టిన చోటు

ఎడ్ఫూకూ కోమ్ ఓంబోకూ మధ్య నది సన్నబడుతుంది. రెండు వైపులా ఇసుకరాతి కొండలు నీటి అంచుదాకా వచ్చేస్తాయి. గెబెల్ సిల్సిలా. ఈ ప్రయాణం మొత్తంలో ఒక్కచోటే ఆగనిస్తామంటే నేను ఇక్కడ ఆగుతాను. ఇక్కడ పెద్ద గుడి లేదు. గుడులన్నీ వెళ్లిపోయిన చోటు ఇది. కర్ణాక్, లగ్జర్, ఎడ్ఫూ అన్నిటి రాయీ ఇక్కణ్నుంచి పోయిందే.

అంతకుముందు గుడులకు సున్నపురాయి వాడేవారు. సున్నపురాయి దూలాన్ని మూడు మీటర్లకు మించి పొడవుగా వేస్తే నడిమికి విరుగుతుంది. ఇసుకరాయి అంతకు రెట్టింపు పైగా తట్టుకుంటుంది. పద్దెనిమిదో రాజవంశం కాలంలో శిల్పులు దీనికి మారాకే, కర్ణాక్‌లో నూట ముప్పై నాలుగు స్తంభాల మండపం లాంటిది సాధ్యమైంది. మధ్య వరుస స్తంభాల ఎత్తు ఇరవై మీటర్ల పైమాటే. రాతి రకం మారితే శిల్పి ఊహ ఎంత మారుతుందో సిల్సిలాలో నిలబడితే తెలుస్తుంది.

తూర్పు గట్టున క్వారీలోకి దారి సన్నటి సందులా ఉంటుంది. రెండు పక్కలా గోడలు ఏడెనిమిది మనుషుల ఎత్తున నిటారుగా లేస్తాయి. కొండను కోసినట్టు ఉండదు, పెద్ద గది లోపలికి వచ్చినట్టు ఉంటుంది. గోడకు మొహం దగ్గరగా పెట్టి చూడండి. ఏటవాలు ఉలి గాట్లు, ఒకే వాలులో, ఒకే ఎడంలో, వరుసగా బారులు తీరి ఉంటాయి. ఒక వరుస అయ్యాక వాలు మారుతుంది. అక్కడ పనివాడు చేయి మార్చాడో, మనిషే మారాడో. మధ్యమధ్య క్వారీ గుంపుల గుర్తులు, పడవ బొమ్మలు. ఒకచోట చుట్టూ తవ్వి, అడుగు కోయకుండా వదిలేసిన రాయి అలాగే ఉంది. కోసిన రాళ్లను ఒడ్డుకు జార్చి, వరద రోజుల్లో నీళ్లు గట్టు మీదికి వచ్చినప్పుడు పడవల్లోకి ఎక్కించేవారు. అక్కణ్నుంచి కర్ణాక్‌కు నూట యాభై కిలోమీటర్లు. ప్రవాహమే మోసుకుపోయేది.

పడమటి గట్టున మొదటి సేతి, రెండో రామ్సెస్, మెరెన్‌ప్తా అనే రాజులు కొండను తొలిచి నైలుకు మందిరాలు కట్టించారు. ఏటికి రెండుసార్లు నదికి నైవేద్యం పెట్టాలని శాసనం వేయించారు. నది మూలాలు ఇక్కడే ఎక్కడో ఉన్నాయని, వరద ఈ కొండల మధ్య నుంచే పుడుతుందని కొందరి నమ్మకం. నిజానికి ఆ వరద ఇథియోపియా కొండల మీద కురిసే వర్షం. ఏటా వేసవి చివర నీలి నైలు మోసుకొచ్చే ఎర్రటి ఒండ్రుతో ఈ దేశం తిండి తిన్నది.

ఆ వరదను కొలిచిన బావి కోమ్ ఓంబోలో ఉంది. ఇద్దరు దేవుళ్ల జంట గుడి అది. మొసలి తల సోబెక్‌కు ఒక సగం, డేగ తల హోరస్‌కు ఇంకో సగం. రెండు ద్వారాలు, రెండు గర్భగుళ్లు. నది వంపు మీద ఎత్తైన దిబ్బన ఉంటుంది గనుక పడవ మీద నుంచి చాలా దూరానికే కనిపిస్తుంది, మలుపు మలుపుకూ ముఖం మారుస్తుంది. ముందు ఆవరణలో కొంత భాగాన్ని నది కోసుకుపోయింది. పక్కనే మొసళ్ల మమ్మీల మ్యూజియం. మెట్ల బావిలోకి తొంగి చూస్తే నదితో పాటు పెరిగే నీటిని కొలిచే ఏర్పాటు తెలుస్తుంది. పన్నెండు మూరలు వస్తే కరువు, పదహారు వస్తే పండుగని రోమన్ పండితుడు ప్లినీ లెక్క. ఎక్కువ వస్తే ఊళ్లు కొట్టుకుపోతాయి. పంట ఎంతో, పన్ను ఎంతో విత్తనం వేయకముందే పూజారికి తెలిసిపోయేది.

ఆగిపోయిన వరద

ఆ బావితో ఇప్పుడు పని లేదు. 1960లో మొదలై 1970లో పూర్తయిన అస్వాన్ హైడ్యామ్ వెనక సుమారు అయిదు వందల కిలోమీటర్ల పొడవున నీళ్లు నిలిచాయి. కరెంటు వచ్చింది, ఏటా రెండు మూడు పంటలు వచ్చాయి, వరద భయం పోయింది. ఒండ్రు కూడా పోయింది. పొలాలకు ఎరువు బస్తాలు కావాలి. దహబియా డెక్కు మీద నుంచి చూసే ఈ నెమ్మదైన, ఏడాది పొడవునా ఒకే ఎత్తున పారే నీలం నది ప్రాచీనులకు తెలిసిన నైలు కాదు. అది ఏటా ఎర్రబడి లేచేది, దిగేది. మనం చూస్తున్నది ఇంజినీర్లు తూము తిప్పి వదిలే నది. ఎగువన ఇథియోపియా కట్టిన కొత్త డ్యామ్ 2025 సెప్టెంబరులో ప్రారంభమయ్యాక, ఆ తూము ఎవరి చేతిలో ఉండాలన్న గొడవ మరింత ముదిరింది.

హైడ్యామ్ నీళ్ల కింద పోయింది నుబియా ప్రాంతం. ఈజిప్టు వైపు నుంచి సుమారు యాభై వేల మంది నుబియన్లను 1963–64లో ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించి కోమ్ ఓంబో చుట్టుపక్కల కాలనీల్లో పెట్టారు. తరతరాలుగా నది ఒడ్డునే బతికినవాళ్లకు నదికి దూరంగా వరుస ఇళ్లు ఇచ్చారు. తోష్కా అనే మునిగిన ఊళ్లో పుట్టిన సంగీతకారుడు హమ్జా ఎల్ దీన్, ముంపుకు ముందు ఊరూరా గాడిద మీద తిరిగి పాటలు సేకరించాడు. తర్వాత ఔద్ వాద్యం మీద ఆ పాటల్ని ప్రపంచానికి వినిపించాడు. ఎగువ ఈజిప్టు పడవల మీద పనిచేసేవాళ్లలో నుబియన్లు చాలామంది. గుడుల గురించి అడిగినన్ని ప్రశ్నలు వాళ్ల ఊళ్ల గురించి కూడా అడగాలని నా మనవి.

గుడుల్ని మాత్రం ప్రపంచం కాపాడుకుంది. 1960 మార్చిలో యునెస్కో పిలుపు ఇచ్చింది. మన పురావస్తు శాఖ కూడా స్పందించింది. బి.బి.లాల్ నాయకత్వంలో ఒక బృందం 1962లో నుబియాలోని అఫ్యే దగ్గర తవ్వకాలు చేసింది. అప్పటికి మన దగ్గర నాగార్జునసాగర్ కడుతున్నారు. ముంపుకు ముందు, 1954 నుంచి 1960 దాకా, నాగార్జునకొండ లోయంతా తవ్వి, ఇక్ష్వాకుల కట్టడాల్ని ఎంచి కొండ మీదికి చేర్చారు. తర్వాత శ్రీశైలం నీళ్లు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లిన ఏ తెలుగువాడికైనా ఫిలే ద్వీపం కొత్తగా అనిపించదు.

ఫిలే అస్వాన్‌కు ఎగువన, పాత ఆనకట్టకూ హైడ్యామ్‌కూ మధ్య ఉంటుంది. దహబియా అక్కడికి పోలేదు, రేవు నుంచి మోటారు బోటు ఎక్కాలి. ఐసిస్ దేవత గుడి. 1902లో పాత ఆనకట్ట కట్టినప్పటి నుంచే ఏడాదిలో చాలా నెలలు నీళ్లలో ఉండేది. ఎమీలియా ఎడ్వర్డ్స్ తరం చూసిన రంగులన్నీ ఆ నీళ్లలోనే కరిగిపోయాయి. 1972 నుంచి చుట్టూ కట్ట వేసి, నీళ్లు తోడి, సుమారు నలభై వేల రాళ్లుగా విప్పి, పక్కనే ఉన్న అగిల్కియా ద్వీపాన్ని పాత ద్వీపం ఆకారంలోకి చెక్కి, అక్కడ తిరిగి పేర్చారు. 1980 మార్చిలో తెరిచారు. గోడల మీద పాత నీటి మట్టం గీత ఇప్పటికీ కనిపిస్తుంది. బొమ్మల లిపిలో తేదీ తెలిసిన చిట్టచివరి శాసనం ఈ గుడి గోడ మీదే ఉంది. క్రీస్తుశకం 394 ఆగస్టు 24న ఒక పూజారి రాసింది. ఆ తర్వాత ఆ లిపి చదవడం మళ్లీ పద్నాలుగు వందల ఏళ్లకు గానీ ఎవరికీ రాలేదు.

వెళ్లాలనుకుంటే

అక్టోబరు నుంచి మార్చి దాకా మంచి కాలం. వేసవిలో అస్వాన్ నలభై డిగ్రీలు దాటుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుళ్లు డెక్కు మీద శాలువా కావాలి. హైదరాబాదు నుంచి గల్ఫ్ నగరాల మీదుగా కైరో చేరి, అక్కణ్నుంచి లగ్జర్‌కు విమానమో రాత్రి రైలో ఎక్కవచ్చు. వీసా పని ముందే చూసుకోవాలి. దహబియా ప్రయాణాలు సాధారణంగా మూడు నుంచి అయిదు రాత్రులు. మూడు రాత్రులవాటిలో గుడి తర్వాత గుడి చూపించి, మధ్యలోని నదీ ప్రయాణాన్ని టగ్గుతో లాగించేస్తారు. అయిదు రాత్రులది దొరికితే అదే తీసుకోండి. సిబ్బందికి ఇచ్చే బక్షీసు వాళ్ల ఆదాయంలో పెద్ద భాగం. 2011 విప్లవం తర్వాత ఏళ్లలోనూ, కోవిడ్ కాలంలోనూ పర్యాటకులు లేక ఈ గట్ల వెంబడి నౌకలు బారులు తీరి ఖాళీగా పడున్నాయి, అప్పుడు నష్టపోయింది వీళ్లే. పడవ ఎంచుకునేటప్పుడు గదుల ఫొటోల కన్నా ముందు ప్రయాణపట్టిక చూడండి. ఎల్ కాబ్, గెబెల్ సిల్సిలా రెండూ అందులో లేకపోతే ఇంకో పడవ వెతుక్కోండి.